జడ చెత్త

మా యార్డు గేటు పక్కన రేకుల గదిలో హాజరు పుస్తకం ఉంటుంది. అందులో ఒక పేరుకు ఎదురుగా చాలా నెలలు సంతకాలు కనిపిస్తాయి. ఒక తేదీ తర్వాత అన్నీ వేలిముద్రలే. చూసినవాళ్లు ఆ మనిషికి చెయ్యి విరిగిందేమో అనుకుంటారు. విరగలేదు. ఆ మార్పుకు కారణం నేను. ఆ యార్డులో ఏది జరిగినా ఎందుకు జరిగిందో కాగితం మీద పెట్టడమే నా ఉద్యోగం. ఈ ఒక్క విషయంలో నేను పెట్టిన కారణం అబద్ధం. అసలుది ఇక్కడ రాస్తున్నాను.

నేనుండేది కామారెడ్డిలో. యార్డేమో ఎల్లారెడ్డి దాటాక, పొలాల మధ్య. చుట్టుపక్కల నుంచి ఆటోల్లో వచ్చే చెత్తను వేరుచేసి, తడిదాన్ని ఎరువు చేసి, పొడిదాన్ని మూటలు కట్టి పంపించే షెడ్డు అది. ఒక కాంట్రాక్టరు నడుపుతాడు. డిగ్రీలో తెలుగు ప్రత్యేకంగా చదివి, రెండు ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పి, రెండు చోట్లా యాజమాన్యంతో గొడవపడి బయటికొచ్చిన మనిషిని నేను. చెత్త షెడ్డులో రికార్డులు రాయడానికి మనిషి కావాలంటే వెళ్లాను. "నీ నోటికి సరైన జాగ దొరికింది పో" అన్నాడు మా ఆయన. ఆ పూట ఆయనే వడ్డించుకుని తిన్నాడు.

పొద్దున్నే బస్సు. ఆడవాళ్లకు జీరో టికెట్టు వచ్చాక సీటు కోసం ఒక కొట్లాట, కండక్టరుతో ఒక కొట్లాట.

"రోజు సూస్తున్న మొకమే కదన్నా, రోజు ఆధార్ ఎందుకు?"

"రూల్ అక్కా."

"రూలే అయితె డ్రైవర్‌కు గూడ ఫోన్ మాట్లాడొద్దని ఉంటది. ముందుగాల ఆయనకు చెప్పు."

తాడ్వాయి దాటేదాకా మా ఇద్దరికీ అదే కాలక్షేపం. యార్డులో అడుగుపెట్టాక మాత్రం నేనే రూలు పక్షం. 

చెత్త షెడ్డుకు ఉన్నన్ని నిబంధనలు పెళ్లిచూపులకు కూడా ఉండవు. ఎన్ని ఆటోలు వచ్చాయి, ఎంత బరువు, అందులో తడి ఎంత, పొడి ఎంత, ఎరువు కుప్పను ఏ రోజు తిరగేశారు, లోపల వేడి ఎంత ఉంది, కింద కారే నల్లనీళ్లు గుంటలోకే పోతున్నాయా పక్క పొలంలోకి పోతున్నాయా, ఇసుక బకెట్లు నిండుగా ఉన్నాయా, పనివాళ్లకు చేతితొడుగులు ఇచ్చారా, ఇలా ప్రతిదానికీ ఒక పుస్తకం. ఏడాదికోసారి నివేదిక. అనుమతి గడువు తీరేలోపు మళ్లీ దరఖాస్తు. అది ఆగితే షెడ్డుకు తాళం, పన్నెండు మంది ఆడవాళ్లు ఇంటికి. నిజం చెప్పాలంటే ఈ పని నాకు నచ్చింది. బడిలో పిల్లల మార్కులు పెంచి రాయమనేవాళ్లు, అందుకే కొట్లాడాను. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు. అలా అనుకునేదాన్ని.

ఆ పన్నెండు మందిలో అందరికన్నా పెద్దామె అరవైకి దగ్గర పడిన మనిషి. అందరూ అవ్వ అనేవాళ్లు, నేనూ అవ్వ అనే పిలిచేదాన్ని. మిగతావాళ్లు పొద్దున్నే ఇంకు ప్యాడు మీద వేలు అద్ది, ముద్ర వేసి, వేలిని గోడకు రుద్ది వెళ్లిపోయేవాళ్లు. ఆ గోడ నిండా నీలి మరకలే. అవ్వ మాత్రం పెన్ను తీసుకునేది. చేతులు కొంగుకు తుడుచుకుని, పుస్తకం మీదికి వంగి, నాలుగక్షరాల పేరును ఒక్కో అక్షరం నిలబెట్టి రాసేది. చివరి అక్షరం తోక ఎప్పుడూ గీత దాటి పక్క గడిలోకి పోయేది.

"ఓ అవ్వా, కలెక్టర్ సంతకం గూడ ఇంత లేటు గాదే" అని వెనక వరసలోవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"ఆయనకు దినాం నూరు ఉంటయ్. నాకు ఒక్కటే. జర మంచిగ పెట్టుకోనియ్యుండ్రి" అనేది అవ్వ.

నేనూ విసుక్కునేదాన్ని. పేరు గియ్యడం నేర్చుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఈమె కూడా అంతే అనుకున్నాను. ఇంకేమైనా వచ్చా అని ఒక్కసారి కూడా అడగలేదు. 

ఆ ఎండాకాలం మేము నింపాల్సిన తనిఖీ పట్టికలో ఒక గడి మిగిలింది. బోర్డులన్నీ స్థానిక భాషలో ఉండాలి. మా గుంటల మీదేమో అన్నీ ఇంగ్లీషు ముక్కలు. వాటిలో ఒకటి ఇనర్ట్. అంటే కుళ్లనిది, కాలనిది, ఎరువు కానిది, ఎవరూ కొననిది. మట్టి, రాళ్లు, పెంకులు, ఊడ్చిన దుమ్ము. వాటికి వేరే గుంట ఉంది, అందులో ఇంకేదీ పడకూడదు. షెడ్డులో అందరూ దాన్ని రాళ్ల గుంత అనేవాళ్లు. ఆ పేరు రాయిస్తే సరిపోయేది. కానీ నేను తెలుగు చదువుకున్నదాన్ని కదా. చలనం లేనిదానికి జడం అని ఎంత చక్కటి మాట ఉంది! కాగితం మీద 'జడ చెత్త' అని రాసి పెయింటరుకు ఇచ్చాను.

అతను చదివి, నా వైపు చూసి, బ్రష్షు డబ్బాలో పెట్టేశాడు.

"మేడం, జడ అంటె ఏ జడ? ఒంటి జడనా, రెండు జడలా?"

"నీ పని రాసుడు. అర్థాలు చెప్పుడు నా పని."

"కోపం గాదు మేడం. పక్కకు ఒక బొమ్మ ఏస్తె మంచిగ కొడ్తది. మల్లెపూలు గూడ పెడ్త."

"జడం అంటె కదలంది. రాయి లెక్క. తెల్వకుంటె నోరు మూసుకోవాలె తమ్మీ."

"మరి రాయి అని రాస్తె అయిపాయె కద!"

కాంట్రాక్టరు అక్కడే కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. "రాళ్లు అనే రాపియ్యి మేడం, గీ లొల్లేంది" అన్నాడు. ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. మన భాషలో మాటలు లేవా, మనమే వాడకపోతే ఎవరు వాడతారు, ఇంగ్లీషులో కష్టమైన మాట రాస్తే నోరెత్తరు గానీ తెలుగులో రాస్తే నవ్వొస్తుందా అని పావుగంట వాయించాను. కాంట్రాక్టరు రెండు చేతులూ ఎత్తేశాడు. "రాయి తమ్మీ, రాసెయ్యి. మేడంతోని ఎవ్వడు గెలుస్తడు" అన్నాడు.

పసుపు రంగు మీద నల్లటి గుండ్రటి అక్షరాలు. అందంగా వచ్చాయి. ఫోటో తీసి, కింద నా పేరు రాసి, ఫైల్లో పెట్టుకున్నాను. పదకొండు మందికి ఆ బోర్డుతో ఏ ఇబ్బందీ కలగలేదు. వాళ్లకు చదవడం రాదు. ఎప్పటిలాగే రాళ్లు తెచ్చి రాళ్ల గుంతలో పోశారు.

వానలు వెనకబట్టాక తనిఖీకి ఒక అధికారిణి వచ్చింది. నాకన్నా చిన్నది, నెమ్మదైన మనిషి. బూట్లకు బురద అంటుతుందని చూసుకోకుండా అన్ని కుప్పల చుట్టూ తిరిగింది. నా పుస్తకాలు తిరగేసి "చాలా పద్ధతిగా పెట్టారండీ" అంది. నేను పొంగిపోయాను. తర్వాత రాళ్ల గుంట దగ్గరికి వెళ్లింది. ఒక మూలన యూరియా సంచులు మూతులు కట్టి వరసగా పేర్చి ఉన్నాయి. విప్పమంది.

వెంట్రుకలు. ఒకటి కాదు, ఆరు సంచులు. ఇళ్లలో దువ్వెనకు చుట్టుకున్నవి తీసి పారేసిన ఉండలు, కటింగ్ షాపుల నుంచి వచ్చిన కత్తిరింపులు, ఎవరివో పాత సవరాలు. తడి చెత్తలోంచి ఏరి, ఎండబెట్టి, ఓపికగా నింపినవి.

"ఇవి ఇందులోకి ఎలా వచ్చాయి?"

"అవ్వ ఏస్తదమ్మా గవి" అంది వెనక నుంచి ఒకామె.

అవ్వ ముందుకు వచ్చింది. తప్పు జరిగిందని ఆమెకు ఇంకా తెలియలేదు. మెచ్చుకుంటారేమో అన్నట్టు నిలబడి "నేనే ఏసిన మేడం. ఎందుకంటె..." అంది.

"అవ్వా, నువ్వు ఊకో. నేను మాట్లాడుతున్న గద" అన్నాను.

అవ్వ వెనక్కి జరిగింది. 

ఆ 'ఎందుకంటె' తర్వాత ఏముందో ఆ రోజు విని ఉంటే ఇదంతా రాయాల్సిన పని లేదు. నేను మాత్రం అధికారిణితో వాదనకు దిగాను. వెంట్రుక ఏళ్లకేళ్లు కుళ్లదు కదా, అదీ జడమే కదా అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను, అయినా నాకు తట్టలేదు. "కాలుతుంది కదండీ. ఆలస్యంగానైనా ఎరువు అవుతుంది కూడా. ఈ గుంటలో ఉండకూడదు" అని ఆమె శాంతంగా చెప్పి, ఫోటోలు తీసుకుని వెళ్లింది. పదిహేను రోజుల్లో కారణం, తీసుకున్న చర్య, ఆధారాలతో సహా తెలపాలని నోటీసు వచ్చింది.

కాంట్రాక్టరుకు అది రెండు లైన్ల పని. "కారణం: నిర్లక్ష్యం. చర్య: తీసేసినం. అయిపాయె. అవ్వకు గూడ వయసయ్యింది మేడం."

ఆ తర్వాత మూడు రోజులు నేను చేసినంత వాదన జన్మలో చెయ్యలేదు. ఆమెకు ఈ పని తప్ప ఇంకో తిండి ఆధారం లేదని చెప్పాను, వినలేదు. ఆమెలా ఏరగలిగే మనిషి ఇంకొకరు లేరని చెప్పాను, వినలేదు. చివరికి అతనికి అర్థమయ్యే దారిలో వచ్చాను. "నిర్లక్ష్యం అని రాస్తె, నువ్వేం చూస్తున్నవ్ అని నిన్నే అడుగుతరు. చదువు రాక బోర్డు తెల్వలే, ఇప్పుడు శిక్షణ ఇచ్చినం అని రాద్దాం. ఎవ్వల మీదికి రాదు, ఆమె పనీ ఉంటది."

అతను ఆలోచించాడు. "ఆధారం?"

"చదువు రాదని ఆమెతోనే ఒక కాగితం తీసుకుందాం. వేలిముద్ర ఏపిద్దాం."

"సంతకం పెడ్తది గద ఆమె?"

"పేరు గీసుడు చదువైతదా సార్?"

ఈ మాట అన్నది నేను. వాదన గెలిచిన సంతోషంలో ఇంటికి వెళ్లి మా ఆయనకు చెప్పుకున్నాను, ఒక ముసలామె అన్నం నిలబెట్టానని.

గడువు చివరి రోజు అవ్వను గదిలోకి పిలిచాను. కాగితం మంచి సర్కారు ఆఫీసు తెలుగులో నేనే తయారుచేశాను. కాంట్రాక్టరు కంప్యూటరు ముందు కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ముద్ర ఎక్కడ వెయ్యాలో చూపిద్దామని నేను కాగితం చాచేలోపే అవ్వ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. చెయ్యంత దూరంలో పట్టుకుని కళ్లు చిట్లించింది.

"నే-ను... ని-ర... నిర-క్ష..." ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. "నిరక్షరా... స్యు-రా-లి-ని. నాకు... చదవడం... రాయడం... రాదు."

పత్తి ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకుంటూ కింద దాకా వచ్చింది. ఒక్కటి కూడా విడిచిపెట్టలేదు.

"గిదేంది బిడ్డా?"

"నీకు చదువొస్తదా అవ్వా?" అన్నాను.

"రాకుంటె నీ బోర్డు ఎట్ల సదివిన?" కిటికీలోంచి వేలు పెట్టి చూపించింది. "జడ చెత్త అని రాసినవ్. ఎరువు జల్లెడల ఎంటికలు సుట్టుకొని ఎన్ని తిప్పలు పడ్డం మేమంత! ఇన్నొద్దులకు మేడం గుర్తువట్టి దానికో జాగ పెట్టింది అనుకున్న. రాళ్లు పొయ్యమన్నరు, పోసిన. జడలు గూడ అండ్లనే అని రాసినవ్, ఏసిన. వీళ్లకు సదువు రాకపాయె. నేను గూడ ఎయ్యకుంటె నువ్వు రాసినదానికి ఇలువేముంటది?"

పెయింటరు మాట చెవిలో వినిపించింది. ఒంటి జడనా, రెండు జడలా.

"గదంత తర్వాత మేడం" అన్నాడు కాంట్రాక్టరు. "చదువొచ్చి గూడ ఏసింది అని రాస్తె మళ్ల నిర్లక్ష్యమే అయితది. తీసెయ్యాల్సి వస్తది. మీ ఇష్టం."

అతను చెడ్డవాడేమీ కాదు. నోటీసులో ఉన్న గడుల్లో ఏది పడుతుందో అది చెప్పాడు. కానీ అదే గడిలో ఇంకో వాక్యం కూడా పట్టేది. బోర్డు మీద మాట తప్పు, రాయించింది నేను. నాకు ఆ వాక్యం తోచలేదని చెప్పను. పూర్తిగా తోచింది, వ్యాకరణంతో సహా. అలా రాస్తే నా ఉద్యోగం పోతుందన్న భయమూ లేదు. కాంట్రాక్టరు పగలబడి నవ్వుతాడని, పెయింటరు దాకా పోతుందని, ఎల్లారెడ్డిలో టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారని, అదీ నా భయం. అందరితో నోరు పెట్టుకుని బతికే మనిషికి ఒక్కసారి నేనే తప్పు అనడం ఎంత బరువో నాకు ఆ రోజే తెలిసింది.

"అవ్వా, పని ఉండాల్నంటె ఇది ఎయ్యాలె" అన్నాను.

అవ్వ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. కాగితాన్ని చదివినట్టే చూసింది. తర్వాత బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏ ఏలు?"

ఆమె వేలిముద్ర వేసి ఎన్నేళ్లయిందో, ఏ వేలో కూడా మర్చిపోయింది. ఎడమ చేతి బొటనవేలు నేనే పట్టుకుని ప్యాడు మీద అద్ది, కాగితం మీద ఒత్తాను. 

మధ్యాహ్నం నల్లా దగ్గర ఆమె మట్టితో వేలు తోముకుంటుంటే వెళ్లి పక్కన నిలబడ్డాను. తనే మొదలుపెట్టింది. 

"మా ఆయన దుబాయిల ఉన్నప్పుడు ఉత్తరాలు రాసేటోడు. పక్కింటామె సదివి చెప్పేది. ఇంటి ముంగట పది మందిని కూసోవెట్టుకొని సదివేది. ఆయన నాకు రాసింది వాళ్లంత విని నవ్వేటోల్లు. గందుకు నేర్చుకున్న. ఆఖరి ఉత్తరాలు మూడు నేనే సదువుకున్న. ఎవ్వల చేతికి ఇయ్యలే." నీళ్లు కట్టేసింది. "ఆయన పోయినంక నాకు సదువనీకె ఏమొచ్చింది? నీ బోర్డులే. పొద్దుగాల వచ్చినప్పుడు ఒకపారి, పోయేటప్పుడు ఒకపారి అన్ని సదువుకుంట పోయేదాన్ని."

మర్నాడు పొద్దున ఆమె అలవాటుగా పెన్ను అందుకుంది. నిన్న పంపిన కాగితంలో చదువు రాదని ఉంది. ఇవాళ పుస్తకంలో సంతకం ఉంటే రెండూ పొసగవు, తనిఖీలో దొరికిపోతాం. ఇలాంటివి పట్టుకోవడానికే నన్ను పెట్టుకున్నారు. ఆమె చేతిలోంచి పెన్ను నేనే తీసుకున్నాను.

"ఇగ నుంచి ముద్రనే అవ్వా."

అవ్వ ముద్ర వేసింది. "ఇయ్యాల జల్దీ అయ్యింది అవ్వా నీది" అంది వెనకామె.

కాగితం వెనకాలే శిక్షణ ఇచ్చినట్టు ఫోటో కూడా పంపాలి, తేదీ, స్థలం పడేలా. అదే పెయింటరు వచ్చి అదే పసుపు మీద 'మట్టి, రాళ్లు, పెంకులు' అని రాసి, పక్కన మూడు రాళ్ల బొమ్మ వేశాడు. ఈసారి ఒక్క పరాచికం ఆడలేదు. ఆ బోర్డు కింద నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. అవ్వ ముందు కూర్చుంది. కాంట్రాక్టరు ఫోను ఎత్తి "అవ్వా, జర బోర్డు దిక్కు సూడు, నేర్సుకుంటున్నట్టు" అన్నాడు. "సదివినట్టు గావొద్దు గద?" అని అడిగింది అవ్వ. ఆ ఫోటోలో ఆమె బోర్డు వైపు కాకుండా రాళ్ల బొమ్మ వైపు చూస్తూ ఉంటుంది.

మళ్లీ తనిఖీకి అదే అధికారిణి వచ్చింది. గుంట శుభ్రంగా ఉంది. హాజరు పుస్తకంలో ఆ నెల పేజీ చూస్తూ అవ్వను గుర్తుపట్టింది. 

"మీరేనా అమ్మా? బాగా చేస్తున్నారు. ఈ వయసులోనూ చదువు వస్తుంది, సిగ్గుపడకండి. ముందు పేరు రాయడం నేర్చుకోండి. ఈ మేడం నేర్పిస్తారు."

ఆమె మనస్ఫూర్తిగానే అంది. "మేడం, అసలు..." అని నేను మొదలుపెట్టేలోపు అవ్వ అందుకుంది.

"నేర్పుతాంది అమ్మా. అ ఆల కాడ ఉన్నం."

అధికారిణి సంతోషించి 'శిక్షణ సంతృప్తికరం' అని రాసి సంతకం చేసింది. నోటీసు మూసేశారు. మా అనుమతి కూడా వచ్చింది.

ఆ సాయంత్రం బస్సులో కండక్టరు అడగకముందే ఆధార్ తీసి ఇచ్చాను. "ఏమైంది అక్కా, పానం మంచిగ లేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను.

ఈమధ్య ఒక పొద్దున అందరూ షెడ్డులోకి వెళ్లాక అవ్వను ఆపాను. హాజరు పుస్తకం కాదు, నా సొంత నోటుబుక్కు తెరిచి, తెల్ల కాగితం మీద పెన్ను పెట్టి ముందుకు జరిపాను. బోర్డు తప్పు నాది, కాగితం తప్పు కూడా నాదే అన్నాను. ఇన్ని నెలలకు ఆ మాట బయటికొచ్చింది. "ఇది ఏ ఆఫీసుకూ పోదవ్వా. ఒక్కసారి నీ పేరు రాయి" అన్నాను.

అవ్వ పెన్ను చేతిలోకి తీసుకుంది. కొంగుకు చేతులు తుడుచుకుంది. కాగితం మీదికి వంగి, మళ్లీ లేచి, పెన్ను పుస్తకం మడతలో పెట్టింది.

"మర్సిపోయిన బిడ్డా" అంది. 

చేతితొడుగులు వేసుకుంటూ షెడ్డులోకి వెళ్లిపోయింది. మొదటి ఆటో అప్పుడే గేటులోకి వచ్చింది. నేను దాని బరువు రాసుకోవడానికి లేచాను.